బండి ‘టక్’ అంది... అంతే!

తెల్లవారుజామున 3:40. బయట చలి, సన్నగా మంచు. పికప్ వెనక 50 క్రేట్ల టమాటా. పైన పట్టా కప్పి తాళ్లు బిగించి ఉంది. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాను.

టక్.

అంతే. మళ్లీ తిప్పాను. టక్. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజన్ మాత్రం ఒక్క చుట్టు కూడా తిరగడం లేదు. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, అలవాటు ఎక్కడికి పోతుంది? తాళం పూర్తిగా బయటకు తీసి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టి తిప్పాను. ఆఫీసులో సగం సమస్యలు అలాగే పోతాయి. ఇక్కడ మాత్రం మళ్లీ టక్.

మా ఊరు మదనపల్లెకు 25 కిలోమీటర్లు. మదనపల్లె అంటే టమాటా, టమాటా అంటే మదనపల్లె. చుట్టుపక్కల ఊళ్ల సరుకంతా పొద్దునకల్లా అక్కడి మార్కెట్ యార్డుకు చేరాలి. మండీలో దించాలి, వేలం పాట జరగాలి. పాటకు అందకపోతే సరుకు మర్నాటికి పడుతుంది. బాగా పండిన కాయ ఒక రోజు ఆగితే క్రేటు అడుగున నీరు కారడం మొదలవుతుంది. పైగా ఆ 50 క్రేట్లలో మావి 20 మాత్రమే. మిగతా 30 ఎదురింటి అత్తవాళ్లవి. మా నాయన బండి మీద నమ్మకంతో ఎక్కించారు.

నాయన బయట నిలబడి ఉన్నాడు. విచిత్రం ఏమిటంటే, ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు.

‘‘దిగురా. లోడుంది, తోసేదానికి కాదు. ట్రాక్టరు దొరుకుతాదేమో చూస్తా’’ అన్నాడు, ఇది రోజూ జరిగే పనే అన్నట్టు.

అప్పుడు నాకు ముందు రోజు సాయంత్రం గుర్తొచ్చింది. చేను దగ్గర క్రేట్లు ఎక్కించిన గంటసేపూ ఆయన ఇంజన్ ఆపలేదు. ‘‘డీజిల్ దండగ కదా నాయనా’’ అని నేనే క్లాసు పీకాను. ఇంటికొచ్చాక ‘‘బండి మిట్టన పెడదాంలే రా’’ అన్నాడు. మా వీధి చివర గుడి దగ్గర చిన్న మిట్ట ఉంది. ‘‘అంత దూరం ఎందుకు, ఇంటి ముందరే ఉండనీ’’ అని నేనే బండి తిప్పి గేటు ముందు పెట్టాను. ఇంజన్ ఆపి తాళం తీసిందీ నేనే.

ఇంజన్ ఆపకపోవడం, మిట్టన పెట్టడం... రెండు క్లూలు కళ్లముందే ఉన్నాయి. నేను చూడలేదు.

‘‘నాయనా, కొత్త బ్యాటరీ కదా వేయించింది?’’

ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘‘వేయిస్తి. వేసినా ఇట్లే చేస్తా ఉండాది’’ అన్నాడు.

నెల కింద ఒక రోజు ఫోన్ చేశాడు. ‘‘బండి టక్ టక్ అంటాది, స్టార్ట్ కాదు, ఏమై ఉంటాదిరా?’’ అని. నేను బెంగళూరులో మీటింగ్‌లో ఉన్నాను. మైకు మ్యూట్‌లో పెట్టి, ఒక చెవితో మేనేజరును, ఇంకో చెవితో నాయనను వింటూ, ‘‘బ్యాటరీ పోయుంటుంది, కొత్తది వేయించేయ్’’ అని 20 సెకన్లలో తేల్చేశాను. ఆయన 6,500 పెట్టి వేయించాడు. వారం తర్వాత అడిగితే ‘‘సరిపోయింది, బండి బాగుండాది’’ అన్నాడు. నేను లోపల కాలరెగరేసుకున్నాను కూడా.

‘‘మరి బాగుందని ఎందుకు చెప్పినావు?’’

‘‘నువ్వు చెప్తే మారిస్తి. సరిపోలేదంటే నువ్వు ఆడ కూర్చోని ఇదే ఆలోచిస్తా ఉంటావు. డబ్బులు దండగయ్యెనే అని బాధపడతావు. ఎందుకులే అనుకుంటి.’’

తర్వాత ఒక మెకానిక్ చూసి సెల్ఫ్ మోటార్ మొత్తం మార్చాలి, 9 వేలవుతుంది అన్నాడట. సీజన్ అయిపోయాక చూద్దాంలే అని నాయన మిట్ట మీద నిలపడం మొదలుపెట్టాడు. పొద్దున్నే బ్రేకు వదిలి, బండి జారుతుంటే రెండో గేరులో క్లచ్ వదిలితే స్టార్ట్ అవుతుంది. మూడు వారాలుగా ఇదే నడుస్తోంది.

నాకు చెప్పుతో కొట్టినట్టయింది. ఎందుకంటే నేను చదివింది ట్రిపుల్ఈ. నాలుగేళ్లు కరెంటు చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాను. అలాంటివాణ్ని, ఒక్క కొలత తీసుకోకుండా 6,500 రూపాయల సలహా ఇచ్చాను. ఆఫీసులో జూనియర్ ఎవరైనా లాగ్ చూడకుండా ‘సర్వర్ మార్చేద్దాం’ అంటే ఊరుకుంటానా?

నాయన ట్రాక్టరు కోసం వెళ్లొచ్చాడు. అది పక్క ఊరికి దుక్కికి పోయిందట. సమయం 3:55.

‘‘నాయనా, పది నిమిషాలియ్యి’’ అన్నాను. అటక మీద నా కాలేజీ పెట్టె ఉంది. అందులో ల్యాబ్ కోసం కొన్న పాత మల్టీమీటర్. బ్యాటరీ ఇంకా పనిచేస్తోంది, దాని అదృష్టమో, నా అదృష్టమో.

*

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ ‘టక్’ అంటే ఏమిటో చెప్తాను. మీ ఇంట్లో బండి ఉంటే ఎప్పుడో ఒకరోజు పనికొస్తుంది.

ఒకప్పుడు ఇంజన్ ముందు ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లు. 1912 క్యాడిలాక్ కారులో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక ఆ కష్టం తగ్గుతూ వచ్చింది. బండి తనంతట తానే స్టార్ట్ అవుతుంది కాబట్టి ‘సెల్ఫ్ స్టార్టర్’. మన మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని ‘సెల్ఫ్’ అనే అంటారు.

తాళం తిప్పగానే ముందు సోలనాయిడ్ అనే భాగం పనిచేస్తుంది. అది ఒక చిన్న పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజన్ ఫ్లైవీల్‌కు తగిలిస్తుంది. అదే సమయంలో బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్‌కు పెద్ద కరెంటు వెళ్లే దారి తెరుస్తుంది. ‘టక్’ అనేది ఆ సోలనాయిడ్ చప్పుడు. అంటే ‘నేను నా పని చేశాను, తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు’ అని అది చెప్తోందన్నమాట.

చప్పుడులో తేడాను బట్టి వెతికే చోటు మారుతుంది.

‘టకటకటక’ అని వేగంగా వస్తే ఎక్కువగా బ్యాటరీలో చార్జి లేనట్టు, లేదా దాని టెర్మినళ్లు వదులైనట్టు. సోలనాయిడ్ దారి తెరవగానే వోల్టేజి పడిపోతుంది, అది వదిలేస్తుంది, వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అందుకే ఆ టకటక.

గట్టిగా ఒక్కటే ‘టక్’ వస్తే సోలనాయిడ్ పట్టింది, మోటార్ తిరగలేదు. లావు కేబుళ్లలోనో, ఎర్త్‌లోనో, సోలనాయిడ్ లోపలి కాంటాక్టుల్లోనో, మోటార్‌లోనో తేడా ఉండొచ్చు. చాలా అరుదుగా ఇంజనే పట్టేసి ఉంటుంది.

ఏ చప్పుడూ లేకపోతే తాళం స్విచ్, రిలే, ఫ్యూజ్, సన్న వైర్లు చూడాలి.

మాది ఒక్కటే టక్. నెల కింద నాయన ఫోన్‌లో ‘టక్ టక్’ అన్నాడు. అది వేగంగా వచ్చేదా, తాళం తిప్పినప్పుడల్లా ఒక్కటేనా అని నేను అడగనే లేదు.

*

బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగాం. చేతి ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకున్నాను. బ్యాటరీ మీద పానా గానీ ఉంగరం గానీ రెండు టెర్మినళ్లకూ తగిలితే చెయ్యి కాలిపోతుంది. నాయన డ్రైవర్ సీట్లోకి ఎక్కాడు. నేను బానెట్ కింద. ఫోన్ టార్చ్ అమ్మ పట్టుకుంది.

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. ‘‘హెడ్‌లైట్లు వెయ్యి నాయనా. ఇప్పుడు తాళం తిప్పు.’’

టక్. ఎదురు గోడ మీద వెలుతురు ఒక పిసరు తగ్గింది, అంతే. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే హెడ్‌లైట్లు దాదాపు ఆరిపోవాలి. అంటే బ్యాటరీలో బలం ఉంది, అది మోటార్‌కు చేరడం లేదు. పరికరం లేకుండా, నిమిషంలో తేలే విషయం ఇది. నెల కింద ఫోన్‌లో ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే 6,500 మిగిలేవి.

రెండోది మల్టీమీటర్. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు. అంటే నిండు చార్జి. తాళం తిప్పినప్పుడు 11.8. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 9.6కు పైన ఉంటే బ్యాటరీ మీద అనుమానం దాదాపు తీసేయొచ్చు.

మూడోది ఎర్త్ వైరు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే అల్లిక పట్టీ ఉంటుంది. సెల్ఫ్ మోటార్ ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి కరెంటు తిరిగి బ్యాటరీకి రావాల్సిన దారి అదే. హెడ్‌లైట్ల ఎర్త్ మాత్రం నేరుగా బాడీకే. అందుకే అవి బాగా వెలుగుతున్నాయేమో అనిపించింది.

మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి బ్యాటరీ మైనస్‌కు ఒక వైరు, ఇంజన్ బ్లాక్‌కు ఒక వైరు తగిలించాను. బీప్! కనెక్షన్ ఉంది. కాస్త నిరాశపడ్డాను.

‘‘ఏమిరా?’’ అన్నాడు నాయన.

‘‘ఇది కూడా బాగానే ఉంది’’ అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే ఏదో తట్టింది. ‘బాగానే ఉంది.’ ఎప్పుడు? ఏ పనీ చేయనప్పుడు.

మీటర్ బీప్ కొట్టడానికి వైరులో పంపేది అతి చిన్న కరెంటు. పట్టీలో ఒక్క పోగు మిగిలినా బీప్ కొట్టేస్తుంది. కానీ డీజిల్ ఇంజన్‌ను తిప్పాలంటే సెల్ఫ్ మోటార్‌కు 200 ఆంపియర్ల పైమాటే. ఇప్పుడు మన పాత ఓమ్ సూత్రం. దారిలో 0.03 ఓముల అడ్డు ఉందనుకోండి. నా మీటర్‌కు అది కనపడనే కనపడదు, దాని వైర్ల అడ్డే అంతకంటే ఎక్కువ. కానీ 200 ఆంపియర్లు పోయేటప్పుడు 200 ఇంటూ 0.03... 6 వోల్టులు! పన్నెండులో సగం దారిలోనే పోయినట్టు.

ఆఫీసులో మేం దీన్నే లోడ్ టెస్టింగ్ అంటాం. ఒక్కడు వాడితే ఏ యాప్ అయినా పరిగెత్తుతుంది. లక్షమంది ఒకేసారి తెరిస్తే తెలుస్తుంది అసలు సంగతి.

మీటర్‌ను వోల్టులకు మార్చి, అవే రెండు చోట్ల పట్టుకున్నాను. బ్యాటరీ మైనస్, ఇంజన్ బ్లాక్. దారి శుభ్రంగా ఉంటే సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఈ రెంటి మధ్య అర వోల్టు కూడా కనపడకూడదు.

‘‘కొట్టు నాయనా!’’

టక్. మీటర్ మీద 6.1.

చలిలో, పొద్దున నాలుగున్నరకు, ఒక అంకెను చూసి అంత సంతోషపడటం నా జీవితంలో అదే మొదటిసారి.

‘‘జంపర్ కేబుల్ ఉందా?’’ సీటు వెనక ఉంది. అందులో నల్లది మాత్రం తీసుకుని ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొన ఇంజన్ మీద రంగు లేని ఇనుప కొక్కేనికి బిగించాను. పాడైన దారి పక్కన కొత్త దారి వేసినట్టు.

‘‘ఇప్పుడు!’’

నాయన తాళం తిప్పాడు. టక్ వినపడేలోపే ఇంజన్ దడదడమని లేచింది. అమ్మ చేతిలోని టార్చ్ ఎగిరిపడింది. ఎదురింటి అత్త తలుపు తీసుకుని బయటకొచ్చి ‘‘హమ్మయ్య’’ అంది. నాయన ఏమీ అనలేదు. స్టీరింగ్ మీద రెండుసార్లు తట్టి నన్ను చూసి నవ్వాడు.

*

కేబుల్ తీసేశాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు సెల్ఫ్‌తో పని లేదు. మండీ దాకా ఆపకుండా పోతే చాలు. దారిలో నాయన బండి నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నాను.

‘‘రోజూ మిట్ట మీద నుంచే స్టార్ట్ చేస్తున్నావు సరే, లోడు దించాక మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే?’’ అని అడిగాను.

‘‘ఎవురో ఒకరు తోస్తారు.’’

‘‘మన ఊళ్లో పొద్దున నాలుగింటికి ఎవరుంటారు? మిట్ట దాకా పోకుండా ఆగితే?’’

ఆయన కాసేపు రోడ్డు చూశాడు. ‘‘మీయమ్మ ఉండాది కదా’’ అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మూడు వారాలుగా అమ్మ ఫోన్‌లో ‘‘భుజం కొంచెం నొప్పిరా, వయసు కదా’’ అంటోంది. నేను యాప్‌లో నొప్పి స్ప్రే ఆర్డర్ పెట్టి, ‘డెలివర్డ్’ అని మెసేజ్ రాగానే నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. అంటే ఇక్కడ కూడా అదే కథ. బ్యాటరీ మార్చేశాను. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు.

రోజూ రాత్రి 9 గంటలకు ఇంటికి ఫోన్ చేస్తాను. ‘‘బాగున్నారా?’’ ‘‘బాగుండాం.’’ ‘‘తిన్నారా?’’ ‘‘తింటిమి.’’ 40 సెకన్లు. అది అబద్ధం కాదు. ఆ సమయంలో, ఆ క్షణంలో, వాళ్లు నిజంగానే బాగుంటారు. పని అయిపోయి, తిని, మంచం మీద కూర్చుని ఉంటారు. నిలబడి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 చూపించినట్టే. పొద్దున నాలుగింటికి, లోడుతో, చలిలో ఎలా ఉన్నారన్నది వేరే కొలత. అది నేనెప్పుడూ తీసుకోలేదు.

‘‘ఇకమీద నేను తప్పు చెప్తే తప్పని చెప్పు నాయనా. డబ్బులు పోతే పోయాయి. పని చెయ్యలేదని తెలిస్తేనే కదా రెండోది ఆలోచించేది’’ అన్నాను.

‘‘నువ్వు మీటింగుల్లో ఉంటావు కదరా.’’

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ రోజు నుంచి మీటింగ్‌లో ఇంటి ఫోన్ వస్తే సగం చెవితో వినడం మానేశాను. తర్వాత చేస్తానని చెప్పి, మీటింగ్ అయ్యాక కూర్చుని చేస్తున్నాను.

పాటకు అందాం. ధర గొప్పగా ఏమీ లేదు, అలాగని సరుకు మిగల్లేదు. ఎదురింటి అత్త 30 క్రేట్లూ పోయాయి. నాకు ఆ రోజు అదే చాలు.

తర్వాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లాం. నేను సమస్య ఏమిటో చెప్పకుండా, ‘‘ఎర్త్ పట్టీ దగ్గర 6 వోల్టులు పడుతోంది అన్నా’’ అని కొలత మాత్రం చెప్పాను. ఆయన కిందికి దూరి పట్టీ విప్పి చూపించాడు. సగం పోగులు తెగాయి. మిగతావాటికి పచ్చటి చిలుము. బోల్టు కింద ఛాసిస్ మీద తుప్పు పొర. బయట నుంచి చూస్తే మట్టి కప్పుకుని అంతా బాగానే కనిపిస్తోంది. తుప్పును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ బిగించి, పైన గ్రీజు పూశాడు. పట్టీ, కూలీ కలిపి 350 రూపాయలు. 9 వేల సెల్ఫ్ మోటార్‌కు ఏ రోగమూ లేదు.

నాయన తాళం తిప్పాడు. స్టార్ట్. ఆపాడు. మళ్లీ తిప్పాడు. స్టార్ట్. మూడోసారి కూడా ఆపి తిప్పాడు. ‘‘డీజిల్ దండగ కదా నాయనా’’ అన్నాను. ఈసారి ఇద్దరం నవ్వాం.

మర్నాడు బెంగళూరు బస్సెక్కే ముందు అమ్మను డాక్టరుకు చూపించాను. పట్టేసింది, నాలుగు వారాలు బరువులు వద్దు, ఈ వ్యాయామాలు చేయించండి అన్నారు. నేను పంపిన స్ప్రే సీసా అలమరలో సీలు కూడా తీయకుండా ఉంది.

ఇప్పుడు ఫోన్‌లో ‘బండి బాగుందా?’ అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటేనని తెలిసిపోయింది. దానికి బదులు ఇంకోటి అడుగుతున్నాను.

‘‘నాయనా, బండి యాడ నిలిపినావు?’’

‘‘ఇంటి ముందరే రా.’’

ఆ మాట వినగానే అమ్మను ఫోన్ తీసుకోమంటాను. ‘‘మా, పైన అటక మీద డబ్బా దించినావా ఈరోజు?’’ అని అడుగుతాను. ‘‘ఇంగా చెయ్యి పైకి లేయలేదురా’’ అంటే, ఆ రోజు ఫోన్ 40 సెకన్లలో పెట్టను.